పాత మహీంద్రా పికప్‌కి వైరింగ్ మొత్తం కొత్తగా వేసుకోవడం ఎలా?

"అన్నా, పాత జీపు పికప్ కొన్నాను. లైట్లు వేస్తే హారన్ గొంతు పడిపోతోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా వెలుగుతోంది. వైరింగ్ మొత్తం పీకేయాలా?"

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇదే. పేర్లు మారతాయి, బండి మోడల్ మారుతుంది, రోగం మాత్రం అదే. అందుకే అందరికీ ఒకేసారి రాస్తున్నాను.

ముందు ఒక మాట. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలగడం వైరింగ్ రోగం కాదు, ఎర్త్ రోగం. ఎర్త్ అంటే కరెంటు బండి లోహం మీదుగా బ్యాటరీకి తిరిగి చేరే దారి. వెనక లైటుకి తిరుగు దారి దొరక్క, కరెంటు పక్క బల్బులోంచి దారి వెతుక్కుంటోంది. కాబట్టి వైరు ఒక్క మీటరు కూడా కొనకముందే కింద 4వ మెట్టులో ఉన్న ఎర్త్ పని చేసి చూడండి. చాలా బండ్లు అక్కడితోనే దారికొస్తాయి.

మొత్తం మార్చాల్సిన బండి ఎలా తెలుస్తుంది? వైరుని వేలికి చుట్టి చూడండి. పైతొడుగు పగిలి పొడిపొడిగా రాలితే మార్చాల్సిందే. అడుగడుగునా టేపు చుట్టిన అతుకులున్నా, ఫ్యూజ్ బాక్స్ స్థానంలో రాగి తీగ మెలేసి ఉన్నా, డాష్‌బోర్డ్ కింద ఎప్పుడైనా పొగ వచ్చినా రెండో ఆలోచన వద్దు.

నేను చెప్పేది సీజే-3బీ వరస పాత మహీంద్రా, 12 వోల్టుల డీజిల్ బండి గురించి. మటాడోర్‌కైనా అంబాసిడర్‌కైనా పద్ధతి ఇదే. వైర్లు పోయే దారులే వేరు.

రెడీమేడ్ వైరింగ్ కొనొచ్చా?

కొనొచ్చు. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో అడిగితే జీపు వైరింగ్ సెట్ దొరుకుతుంది. కానీ అది జీపు కొలతకు కట్టింది. పికప్ వెనక తొట్టి పొడవుకి వైరు చాలక, ఛాసిస్ (బండి అడుగు చట్రం) మధ్యలో అతుకు పడుతుంది. బురద కొట్టేది సరిగ్గా అక్కడే. పైగా హెడ్‌లైట్లకు రిలేలు (సన్న వైరు కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్‌లు) ఉండవు, ఫ్యూజులు నాలుగైదుకి మించవు. సెట్ కొనేట్టయితే వెనక వైపు వైర్లు వదిలేసి ముందు భాగం వాడుకోండి, వెనకది మీరే కట్టుకోండి. నన్నడిగితే మొత్తం కట్టుకోవడమే మేలు.

కావాల్సినవి

వైర్లు. అన్నీ అసలు రాగి, సన్నపోగుల ఆటో వైర్లు. స్క్వేర్ ఎం.ఎం. లెక్కన అడగండి:

- బ్యాటరీ నుంచి సెల్ఫ్ మోటార్‌కి, బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి: 35 నుంచి 50
- ఆల్టర్నేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే బ్యాటరీని చార్జ్ చేసేది) మెయిన్ వైరు: 10
- హీటర్ ప్లగ్గులకు (స్టార్ట్ చేసేముందు డీజిల్ ఇంజిన్‌ని వేడెక్కించేవి): 10
- బ్యాటరీ నుంచి ఫ్యూజ్ బాక్స్‌కి: 6
- హెడ్‌లైట్ రిలేలకు వచ్చే వైరు: 6. రిలే నుంచి ఒక్కో బల్బుకి: 1.5
- హారన్, వైపర్: 1.5
- టెయిల్, బ్రేక్, ఇండికేటర్: 1
- మీటర్లు, వార్నింగ్ బల్బులు: 0.75

ఇంటి వైరింగ్‌కి వాడే వైరు వద్దు. లావు పోగుల వైరు ఇంజిన్ అదురుకి లోపల తెగిపోతుంది, పైకి మాత్రం బాగానే కనిపిస్తుంది. ఇంటి వైరు మీది పీవీసీ తొడుగు మామూలుగా 70 డిగ్రీల వేడికి తయారైంది. మే నెలలో బానెట్ కింద అది చాలదు. 105 డిగ్రీలు తట్టుకునే ఆటో వైరు అని గట్టిగా అడగండి. ఇంకో మోసం, అల్యూమినియం మీద రాగి పూత వేసిన వైరు. ఒక పోగుని బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా కనిపిస్తే షాపులోనే తిరిగి ఇచ్చేయండి.

మిగతా సామాను: 10 లేదా 12 గదుల బ్లేడ్ ఫ్యూజ్ బాక్స్, 12 వోల్టుల 30 ఆంపియర్ల రిలేలు నాలుగు, 70 ఆంపియర్ల రిలే ఒకటి, బ్యాటరీ దగ్గర పెట్టే బోల్టు రకం మెయిన్ ఫ్యూజులు 40, 60 ఆంపియర్లవి, బ్యాటరీ కటాఫ్ స్విచ్, వైరు కొసకి నొక్కే రింగు లగ్గులు, ఆడ మగ టెర్మినళ్లు, వేడికి ముడుచుకునే స్లీవులు, ముడతల పైపు, రేకు రంధ్రాల అంచుకి వేసే రబ్బరు గ్రొమెట్లు, స్టార్ వాషర్లు, ఎమెరీ పేపర్, వాసలీన్. రిలేలు, ఫ్యూజ్ బాక్స్ బిగించడానికి ఒక హైలం షీటు (కరెంటు పారని గట్టి పలక) ముక్క.

పనిముట్లలో మల్టీమీటర్, లగ్గుని వైరుకి నొక్కి బిగించే రాచెట్ క్రింపింగ్ ప్లయర్, హోల్డర్‌తో సహా ఒక 21 వాట్ల ఇండికేటర్ బల్బు తప్పనిసరి. క్రింపింగ్ ప్లయర్ దగ్గర పిసినారితనం వద్దు. కటింగ్ ప్లయర్‌తో నొక్కిన లగ్గు ఆరు నెలల్లో ఊడొస్తుంది. నిప్పు ఆర్పే చిన్న సిలిండర్ చేతికి అందేంత దూరంలో ఉండాలి.

1. బ్యాటరీ విప్పండి, పోలారిటీ చూడండి

ఎర్త్ వైపు టెర్మినల్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా అప్పుడు నిప్పురవ్వలు రావు.

బాడీకి వెళ్లే టెర్మినల్ ప్లస్సా మైనస్సా అని చూడండి. ఈ బండ్లలో దాదాపు ఎప్పుడూ మైనస్సే. కానీ 1960ల నాటి బ్రిటిష్ పద్ధతి బండ్లలో ప్లస్ ఎర్త్ ఉంటుంది. అలాంటిది మీ చేతికొస్తే మైనస్‌కి మార్చకుండా ఆల్టర్నేటర్ పెట్టొద్దు, డయోడ్లు క్షణంలో పోతాయి. పాత విల్లీస్ 6 వోల్టుల బండి అయితే బల్బులు, స్పార్కు పుట్టించే కాయిల్, మీటర్లు అన్నీ మారాలి. ఆ కథ వేరు.

2. పీకకముందు రాసుకోండి

ఉత్సాహంగా కత్తెర తీసుకునేది ఇక్కడే. ఆగండి.

ఫోన్‌తో ప్రతి స్విచ్ వెనకా, ప్రతి మీటర్ వెనకా ఫోటోలు తీయండి. తర్వాత ఒక్కో వైరు కొసకి మాస్కింగ్ టేపు జెండాలా అంటించి, మార్కర్‌తో అది ఏ పనిదో రాయండి. రంగు రాయడం కాదు, పని రాయాలి. "ఎర్ర వైరు" అని రాసుకుంటే వారం తర్వాత మీకే అర్థం కాదు. "లైట్ స్విచ్ 3వ పిన్ నుంచి టెయిల్" అని రాయండి. పాత బండ్లలో రంగుల్ని నమ్మలేం. మీకు ముందు ముగ్గురు మెకానిక్‌లు చేతికి దొరికిన వైరునల్లా కలిపి ఉంటారు.

తెల్ల కాగితం మీద ఒక్కో పనికి ఒక్కో గీత గీయండి: బ్యాటరీ, ఫ్యూజ్, స్విచ్, బల్బు, ఎర్త్. అన్నీ ఒకే బొమ్మలో ఇరికిస్తే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

అప్పుడు పాత వైరింగ్‌ని కొయ్యకుండా ఒకే కట్టగా బయటికి లాగి గచ్చు మీద పరచండి. పని అయ్యేదాకా పారేయొద్దు. మీ కొలతకర్ర అదే.

3. స్విచ్‌ల పని పట్టండి

కొత్త వైరింగ్ వేసి పాత స్విచ్ ఉంచేస్తే సగం డబ్బు దండగ. మీటర్‌ని ఓముల మీద పెట్టి, స్విచ్ ఆన్ చేసి చూడండి. ఒక ఓము లోపల నిలకడగా చూపించాలి. స్విచ్‌ని కదిపితే అంకె గెంతుతుంటే మార్చండి.

ఎక్కువగా చచ్చేది కాలితో తొక్కి డిమ్, బ్రైట్ మార్చే డిప్పర్ స్విచ్. కాళ్ల బురద, వాన నీళ్లు అన్నీ దాని నెత్తి మీదే. రెండోది బ్రేక్ లైట్ ప్రెషర్ స్విచ్. అది బ్రేక్ ఆయిల్ లైనులో ఉంటుంది కాబట్టి విప్పితే బ్రేకుల్లో గాలి పడుతుంది, మళ్లీ బ్లీడింగ్ చేయించి ఆ గాలి తీయించాలి. పెడల్ దగ్గర మామూలు ప్లంజర్ స్విచ్ పెట్టుకోవడం సులువైన దారి. అప్పుడు కూడా పాత ప్రెషర్ స్విచ్‌ని అలాగే వదిలేయండి, దాని రంధ్రం మూసే పని మీకెందుకు.

డీజిల్ గేజ్ విషయంలో ఒక హెచ్చరిక. ట్యాంకులోని యూనిట్‌కి వెళ్లే వైరు గేజ్ మీదుగానే వెళ్లాలి. "పని చేస్తోందా చూద్దాం" అని దానికి నేరుగా 12 వోల్టులు తగిలించొద్దు. యూనిట్ కాలిపోతుంది. పెట్రోల్ బండి అయితే అంతకన్నా పెద్ద ప్రమాదం.

4. ముందు ఎర్త్, ఆ తర్వాతే మిగతావి

ఇది తొందరగా తేల్చేసే మెట్టు కాదు, సగం రోజు పెట్టుకోండి.

నాలుగు ఎర్త్‌లు కావాలి: బ్యాటరీ నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి ఇంజిన్‌కి, ఛాసిస్ నుంచి ముందు బాడీకి, ఛాసిస్ నుంచి వెనక తొట్టికి. ఇంజిన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది, రబ్బరులోంచి కరెంటు పోదు. ఇంజిన్‌కి అల్లిక పట్టీ లేకపోతే సెల్ఫ్ కొట్టినప్పుడు ఆ వందల ఆంపియర్లు క్లచ్ కేబుల్ గుండానో యాక్సిలరేటర్ తీగ గుండానో వెళ్తాయి. కేబుల్ ఎందుకు కాలిందో తెలియక జనం కేబుల్ మార్చుకుంటూ ఉంటారు. వెనక తొట్టి చెక్క మీదో రబ్బరు మీదో ఉంటుంది, పైగా నాలుగు పూతల పెయింట్. దాన్ని ఎర్త్‌గా నమ్మొద్దు.

బోల్టు పెట్టే చోట రూపాయి బిళ్లంత మేర పెయింట్ గీకి, తెల్ల లోహం మెరిసేదాకా ఎమెరీ పేపర్‌తో రుద్దండి. స్టార్ వాషర్, దాని మీద లగ్గు, ఆ పైన మామూలు వాషర్, నట్టు. గట్టిగా బిగించాక పైన వాసలీన్ పూయండి. ముందే పూసి బిగించడం కంటే బిగించి పూయడమే మంచిది. స్టార్ వాషర్ పళ్లు లోహంలో దిగాలి, అది లేకుండా పని కానివ్వొద్దు.

హెడ్‌లైట్లకు, టెయిల్ లైట్లకు హోల్డర్ బిగింపునే ఎర్త్ అనుకోకుండా ఒక్కోదానికి విడిగా నల్ల వైరు వేసి, ఛాసిస్ మీది ఎర్త్ బోల్టు దాకా తీసుకెళ్లండి. వైరు కాస్త ఎక్కువ పడుతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి వెనక లైట్ల గోల ఉండదు.

5. ఫ్యూజుల లెక్క

ఫ్యూజ్ ఉన్నది బల్బుని కాపాడటానికి కాదు, వైరుని కాపాడటానికి. కాబట్టి వైరుని బట్టి వేయాలి: 1 స్క్వేర్ వైరుకి 10, ఒకటిన్నరకి 15, రెండున్నరకి 20 ఆంపియర్లు దాటొద్దు. బ్లేడ్ ఫ్యూజుల్లో ఎరుపు 10, నీలం 15, పసుపు 20.

నేను సిఫారసు చేసే పంపకం ఇది:

- ఎడమ డిమ్ 10, కుడి డిమ్ 10
- రెండు బ్రైట్‌లకు కలిపి 15
- టెయిల్, పార్కింగ్, మీటర్ లైట్లు 10
- బ్రేక్ లైట్లు 10
- ఇండికేటర్ 10
- హారన్ 15
- వైపర్ 10
- మీటర్లు, చార్జింగ్ బల్బు 5
- మిగిలిన గదులు ఖాళీ, రేపు ఫోన్ చార్జర్‌కి

డిమ్ లైట్లకు రెండు విడి ఫ్యూజులు ఎందుకంటే, శ్రీశైలం ఘాట్‌లో రాత్రిపూట ఒక ఫ్యూజ్ పోయినా ఒక లైటు మిగలాలి. రెండూ ఒకేసారి ఆరిపోతే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

ఈ బాక్స్‌కి వచ్చే 6 స్క్వేర్ వైరుకి బ్యాటరీ దగ్గరే, జానెడు దూరం లోపల, 40 ఆంపియర్ల మెయిన్ ఫ్యూజ్ పెట్టండి. ఆల్టర్నేటర్‌కి ఒకటి, హీటర్ ప్లగ్గులకు ఒకటి విడిగా 60 ఆంపియర్లవి. సెల్ఫ్ మోటార్ మందపు కేబుల్‌కి మాత్రం ఫ్యూజ్ ఉండదు. అందుకే అది ఎక్కడా లోహానికి రాసుకోకుండా పైపులో వెళ్లాలి, సెల్ఫ్ దగ్గర రబ్బరు టోపీ ఉండాలి. కటాఫ్ స్విచ్ బ్యాటరీ మైనస్ వైపు పెట్టండి.

6. పురికొసతో దారి కొలవండి

వైరు కోసే ముందు, అది పోవాల్సిన దారంతా పురికొస పరచండి. సైలెన్సర్ పైపుకి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌కి జానెడు దూరం. బ్రేక్ పైపుతో, డీజిల్ పైపుతో కలిపి కట్టొద్దు. స్టీరింగ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడండి. రేకులో రంధ్రం దాటే ప్రతిచోటా గ్రొమెట్. ఛాసిస్ లోపలి అంచు వెంట వెళ్తే రాళ్ల దెబ్బ తగలదు.

కొలతకు బెత్తెడు అదనంగా వదలండి. టెర్మినల్ పాడైతే కోసి మళ్లీ కట్టడానికి అది పనికొస్తుంది.

రంగులు మీ ఇష్టం అనను. పాత లూకాస్ (బ్రిటిష్ ఆటో ఎలక్ట్రికల్ కంపెనీ) పద్ధతి పాటిస్తే రేపు ఏ ముసలి ఆటో ఎలక్ట్రీషియన్ అయినా చూడగానే పట్టేస్తాడు: గోధుమ రంగు బ్యాటరీ నుంచి, తెలుపు ఇగ్నిషన్ నుంచి, ఆకుపచ్చ ఇగ్నిషన్ తర్వాత ఫ్యూజ్ దాటింది, నీలం తెలుపు చార బ్రైట్, నీలం ఎరుపు చార డిమ్, ఎరుపు టెయిల్, ఆకుపచ్చ ఎరుపు చార ఎడమ ఇండికేటర్, ఆకుపచ్చ తెలుపు చార కుడి ఇండికేటర్, నలుపు ఎర్త్. చారల వైర్లు దొరక్కపోతే ఒకే రంగు వాడి రెండు కొసలకూ రంగు స్లీవు వేయండి. డబ్బు కలిసొస్తుందని బండంతా ఎర్ర వైరుతో కట్టినవి చూశాను. దానికి రిపేరు చేయడం కన్నా మళ్లీ కట్టడం తేలిక.

7. క్రింపింగ్

వైరు తొడుగు తీసేటప్పుడు పోగులు తెగకూడదు. లగ్గు వైరు సైజుకి సరిపోవాలి. నొక్కాక చేత్తో గట్టిగా లాగండి. ఊడిందా, అది దారిలో ఊడాల్సింది ఇక్కడే ఊడింది, మంచిదే.

సోల్డరింగ్ చేయొచ్చా అని అడుగుతారు. సోల్డర్ వైరు లోపలికి పాకి గట్టిపడుతుంది. ఆ గట్టి భాగం అయిపోయిన చోట అదురుకి పోగులు తెగుతాయి. డీజిల్ బండి అదురు మీకు తెలుసుగా. క్రింప్ చేసి, స్లీవు వేసి వదిలేయండి. 35 స్క్వేర్ కేబుల్ లగ్గులు మాత్రం ఇంటి ప్లయర్‌తో కావు. హైడ్రాలిక్ క్రింపర్ ఉన్న బ్యాటరీ షాపులో కొలత ఇచ్చి కొట్టించుకోండి.

వైర్లు మెలేసి టేపు చుట్టే అతుకు ఒక్కటి కూడా వద్దు. ఎండకి టేపు జిగురు కారుతుంది, దుమ్ము పడుతుంది, ఊడిపోతుంది.

8. ఒక్కో సర్క్యూట్ కలపండి, ఒక్కోటీ చూడండి

అన్నీ కలిపేసి చివర్లో బ్యాటరీ తగిలించే వాళ్లే పొగ చూస్తారు. ఇలా చేయండి: బ్యాటరీ ప్లస్‌కీ ఫ్యూజ్ బాక్స్ మెయిన్ వైరుకీ మధ్య, ఫ్యూజ్‌కి బదులు ఆ 21 వాట్ల బల్బు పెట్టండి. అన్ని స్విచ్‌లూ ఆఫ్‌లో ఉంటే అది వెలగకూడదు. టెయిల్ లైట్ స్విచ్ వేశారనుకోండి. టెయిల్ మసకగా, టెస్ట్ బల్బు కూడా కొంచెం వెలిగితే అంతా సవ్యం. టెస్ట్ బల్బు ధగధగ వెలుగుతూ టెయిల్ అసలు వెలగకపోతే ఆ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. అయినా ఏదీ కాలదు, ఎందుకంటే ఆ బల్బు రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. తప్పు దొరికేదాకా తీరిగ్గా వెతుక్కోండి. బాగుందని తేలాక బల్బు తీసి అసలు ఫ్యూజ్ పెట్టి మళ్లీ చూడండి.

వరస ఇదీ: టెయిల్, బ్రేక్, ఇండికేటర్, హారన్, వైపర్, మీటర్లు, హెడ్‌లైట్లు, హీటర్ ప్లగ్గులు, సెల్ఫ్, చివర చార్జింగ్. పెద్ద కరెంటు లాగే చివరి నాలుగింటికి టెస్ట్ బల్బు షార్ట్ ఉందో లేదో చెప్పడానికే, నడిపించడానికి కాదు.

హెడ్‌లైట్ రిలేలు. డిమ్‌కి ఒకటి, బ్రైట్‌కి ఒకటి. రిలే అడుగున అంకెలుంటాయి. 30కి మెయిన్ ఫ్యూజ్ దాటిన 6 స్క్వేర్ వైరు. 87 నుంచి ఫ్యూజుల మీదుగా బల్బులకి. 86కి డిప్పర్ స్విచ్ నుంచి వచ్చే సన్న వైరు. 85 ఎర్త్‌కి. అంతే. రిలేలు బానెట్ కింద, పిన్నులు నేల వైపు ఉండేలా బిగించండి, నీళ్లు నిలవవు. మూడో రిలే హారన్‌కి, నాలుగోది స్పేరు.

రిలే అవసరమా? 1 స్క్వేర్ రాగి వైరుకి మీటరుకి సుమారు 0.018 ఓములు. బ్యాటరీ నుంచి డాష్‌బోర్డ్, అక్కడి నుంచి డిప్పర్, అక్కడి నుంచి లైటు, మొత్తం 5 మీటర్లు అనుకుంటే, రెండు 60 వాట్ల బల్బులు లాగే 10 ఆంపియర్లకు 0.9 వోల్టు వైరులోనే పోతుంది. స్విచ్‌లు తినేది అదనం. బల్బుకి వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం తగ్గుతుంది. 100 వాట్ల బల్బులు కొనే ముందు రిలే పెట్టి చూడండి. చాలామందికి ఆ పెద్ద బల్బుల అవసరమే ఉండదు.

ఇండికేటర్ ఒక పక్క గబగబా కొట్టుకుంటే ఆ పక్క బల్బు పోయింది లేదా ఎర్త్ లేదు. రెండు పక్కలా అంతే అయితే మీరు ఎల్ఈడీ బల్బులు వేసి పాత ఫ్లాషర్ (ఇండికేటర్‌ని ఆర్పి వెలిగించేది) ఉంచారు, ఎల్ఈడీకి పనికొచ్చే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి.

హీటర్ ప్లగ్గులున్న ఇంజిన్ అయితే 70 ఆంపియర్ల రిలే దానికే. కలిపే ముందు ప్లగ్గులు ఒకదాని తర్వాత ఒకటి వరసలో ఉన్నాయా, విడివిడిగా ఒకే పట్టీకి ఉన్నాయా చూడండి. వరస రకం ప్లగ్గుకి విడిగా 12 వోల్టులు ఇస్తే అక్కడికక్కడే కాలిపోతుంది.

9. చార్జింగ్: డైనమోనా, ఆల్టర్నేటరా?

రోజూ తిరిగే బండి అయితే ఆల్టర్నేటర్ పెట్టుకోండి. పాత తరం చార్జింగ్ యంత్రమైన డైనమో ఐడిలింగ్‌లో దాదాపు ఏమీ ఇవ్వదు. ట్రాఫిక్‌లో లైట్లు వేసుకుని నిలబడితే బ్యాటరీ దిగిపోతుంది. ప్రదర్శనకు పెట్టే బండి, ఉన్నదున్నట్టు ఉండాలి అంటారా, డైనమో ఉంచండి. అప్పుడు బ్యాటరీ కరెంటు డైనమోలోకి వెనక్కి పోకుండా ఆపే కటౌట్ కూడా ఉండాలి.

ఆల్టర్నేటర్‌కి మారితే మూడు పనులు మరవొద్దు. పాత కటౌట్‌ని సర్క్యూట్‌లోంచి పూర్తిగా తప్పించాలి. డాష్‌బోర్డ్‌లోని అమ్మీటర్ గుండా మొత్తం కరెంటు పోతుంటే ఆ దారి తీసేసి, ఆల్టర్నేటర్ వైరుని నేరుగా ఫ్యూజ్ మీదుగా బ్యాటరీ ప్లస్‌కి వేయాలి. 30 ఆంపియర్ల అమ్మీటర్ అంతకు మించిన కరెంటుకి వేడెక్కి డాష్‌బోర్డ్ వెనక మంట పెట్టగలదు. దాని బదులు వోల్ట్ మీటర్ చాలు. మూడోది, చార్జింగ్ వార్నింగ్ బల్బు. చాలా ఆల్టర్నేటర్లు ఆ చిన్న బల్బు గుండా వచ్చే కరెంటుతోనే మేల్కొంటాయి. అక్కడ ఎల్ఈడీ పెట్టి "కొత్త ఆల్టర్నేటర్ చార్జ్ చేయట్లేదు" అంటూ వాపస్ ఇవ్వడానికి వెళ్లకండి.

ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "చార్జింగ్ వస్తుందా" అని చూసే అలవాటు డైనమో కాలం నాటిది. ఆల్టర్నేటర్ మీద ఆ ప్రయోగం చేస్తే చార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటర్‌కి ఎసరు.

10. టేపు చుట్టకముందు ఈ పరీక్షలు

అన్నీ పనిచేస్తున్నాయి కదా అని వెంటనే చుట్టేయకండి. పనిచేయడం వేరు, బాగుండటం వేరు.

లీకేజీ: అన్నీ ఆఫ్ చేసి, బ్యాటరీ మైనస్ విప్పి, మీటర్‌ని ఆంపియర్ల మీద పెట్టి టెర్మినల్‌కీ వైరుకీ మధ్య కలపండి. గడియారం, రేడియో లేని బండిలో దాదాపు సున్నా రావాలి. 50 మిల్లీ ఆంపియర్లు దాటితే ఒక్కో ఫ్యూజ్ తీస్తూ చూడండి, ఏది తీస్తే తగ్గిందో దొంగ అక్కడే. ఫ్యూజులన్నీ తీసినా తగ్గకపోతే ఆల్టర్నేటర్ వైరు విప్పి చూడండి. మీటర్ ఇలా ఉండగా సెల్ఫ్ కొట్టొద్దు, మీటర్ పోతుంది.

వోల్టేజ్ నష్టం: హెడ్‌లైట్లు వెలుగుతుండగా మీటర్ ఎర్ర కొస బ్యాటరీ ప్లస్‌కి, నల్ల కొస బల్బు ప్లస్ పిన్నుకి. అర వోల్టు లోపు ఉండాలి. తర్వాత బల్బు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్‌కి: 0.2 లోపు. వెనక టెయిల్ లైట్లకూ ఇదే. ఎర్త్ వైపు ఎక్కువ చూపిస్తే మళ్లీ 4వ మెట్టు.

సెల్ఫ్: ఇంజిన్ స్టార్ట్ కాకుండా, దాన్ని ఆపే స్టాప్ కేబుల్ లాగి పట్టుకుని ఒకరు సెల్ఫ్ కొట్టాలి, ఇంకొకరు చూడాలి. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి. బ్యాటరీ ప్లస్ నుంచి సెల్ఫ్ బోల్టుకి అర వోల్టు లోపు, ఇంజిన్ బ్లాకు నుంచి బ్యాటరీ మైనస్‌కి 0.3 లోపు.

చార్జింగ్: ఆపి ఉంచిన బ్యాటరీ నిండుగా ఉంటే 12.6 చూపిస్తుంది. ఇంజిన్ కాస్త రేజ్ చేసి లైట్లు వేసినా 13.8 నుంచి 14.4 మధ్య ఉండాలి. 15 చూపిస్తే బండి నడపొద్దు, రెగ్యులేటర్ పోయింది.

ఇక చేతి పరీక్ష: ఇంజిన్ నడుస్తుండగా లైట్లన్నీ పావుగంట వెలిగించి, ప్రతి కప్లర్‌నీ, ఫ్యూజ్‌నీ, రిలేనీ వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. వేలు పెట్టలేకపోతున్నారంటే అక్కడ క్రింపింగ్ బాగాలేదు. మీటర్ చెప్పనిది వేలు చెబుతుంది.

ఇవన్నీ దాటాకే ముడతల పైపులు, టేపు, క్లిప్పులు. పైపు కొసలు కూడా టేపుతో మూయండి. పొలం దగ్గర, పశువుల కొట్టం పక్కన నిలిపే బండ్లకు షార్ట్ సర్క్యూట్ కన్నా ఎలుకలే పెద్ద శత్రువులు.

మొత్తం పని చేసే ఓపిక లేకపోతే

మూడు పనులు చేయండి: ఎర్త్‌లు, బ్యాటరీ దగ్గర మెయిన్ ఫ్యూజ్, హెడ్‌లైట్ రిలేలు. ఒక ఆదివారం పని. వైరింగ్ పాతదే అయినా బండి కాలిపోయే ప్రమాదం బాగా తగ్గుతుంది. అదీ ఆటో ఎలక్ట్రీషియన్ చేత చేయించుకుంటామంటే చేయించుకోండి, కానీ వైరూ ఫ్యూజులూ మీరే కొనివ్వండి, పైన చెప్పిన వోల్టేజ్ నష్టం పరీక్ష మీ ముందే చేయమనండి. ఫ్యూజ్ పోయిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టే మనిషి అయితే దండం పెట్టి వచ్చేయండి.

పెట్రోల్ ఇంజిన్ వాళ్లకి

హరికేన్ పెట్రోల్ ఇంజిన్ ఉన్న బండిలో హీటర్ వైరింగ్ ఉండదు, బదులుగా ఇగ్నిషన్ స్విచ్ నుంచి కాయిల్ ప్లస్‌కి ఒక వైరు వేయాలి. దానికి 1.5 స్క్వేర్ వైరు వేయండి. ఇంజిన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లోనే వదిలేస్తే పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి విడదీసే స్విచ్) కలిసి ఉన్నప్పుడు కాయిల్ కాలుతుంది కాబట్టి, టెస్టింగ్ చేస్తున్నంతసేపూ ఆ వైరు విప్పి పక్కన పెట్టండి. మీ కాయిల్‌కి బయట రెసిస్టర్ ఉందేమో కూడా చూసుకోండి. పాతది ఉంటే దాన్ని తీసేసి నేరుగా 12 వోల్టులు ఇవ్వొద్దు. సెల్ఫ్ పరీక్షకు కూడా ఇక్కడ స్టాప్ కేబుల్ ఉండదు, కాయిల్ వైరు విప్పితే చాలు.